ఎర్ర డబ్బా తర్వాత ఎక్కడికి?

ప్రశ్న: మాది కర్నూలు, బి క్యాంపు దగ్గర. మా మామగారికి షుగరు. మూడేళ్లుగా ఇంట్లో ఇన్సులిన్ నేనే వేస్తున్నాను, రోజుకో సూది. వాడిన సూదులు కాగితంలో చుట్టి చెత్తబండికి ఇచ్చేదాన్ని. పోయిన నెల మా వీధికి వచ్చే కార్మికురాలు సంచి ఎత్తుతుంటే అరచేతిలో సూది దిగింది. అది మా ఇంటిదే కావచ్చు. ఆమె ఏమీ అనలేదు. కొంగుతో తుడుచుకుని పక్కింటికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు ఎర్ర డబ్బాలో విడిగా వేస్తున్నాను కానీ బండిలో మూడు డబ్బాలూ ఒక్కచోటే గుమ్మరిస్తున్నారు. కాలనీ సంఘంలో చెబితే "ఇంటి చెత్తకు ఇంత రభస ఎందుకమ్మా" అన్నారు. ఎవరిని అడగాలి? ఏమని అడగాలి? నేనొక్కదాన్ని ఏం చేయగలను?
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మీరు అడిగినవాటి కంటే ముందు, అడగని సంగతి ఒకటి చెప్పాలి. ఆమెకు ఎవరైనా రక్తపరీక్ష చేయించారా? సూది మీ ఇంటిదో, ఎదురింటిదో, చివరి వీధిలోని ఆర్ఎంపీ డాక్టరుదో ఎవరికీ తెలియదు. అందుకే చేయించి తీరాలి. వాడిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి, ఈ మూడింటికీ అవకాశం ఉంటుంది. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. ఆ గడువు దాటిపోయింది. పరీక్షల గడువు దాటలేదు. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు చేయించాలి. పెద్దాసుపత్రిలో ఐసీటీసీ కేంద్రం ఉంటుంది, హెచ్ఐవి పరీక్ష ఉచితం, వివరాలు బయటకు పోనివ్వరు. హెపటైటిస్ బి టీకా ఆమె ఇదివరకు వేయించుకుందో లేదో కూడా అక్కడే అడగండి. ఒక రోజు కూలి పోతుందని ఆమె వెనకాడవచ్చు. ఆ రోజు కూలి, ఆటో ఖర్చు మీరు పెట్టుకోండి. మీ మనసు కుదుటపడటానికి నాకు తెలిసిన మొదటి మార్గం అదే.

ఇకముందు ఎవరికైనా ఇలా జరిగితే, చేతిని వెంటనే కుళాయి కింద పెట్టి సబ్బుతో బాగా కడగాలి. రక్తం పోవాలని పిండకూడదు. కొంగుతో తుడుచుకుని పనిలో పడకూడదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఈ మాట మీ వీధికి వచ్చే కార్మికులందరికీ చెప్పండి. వాళ్లకు ఇది చెప్పాల్సినవాళ్లు చెప్పి ఉంటే ఆమె కొంగుతో తుడుచుకుని వెళ్లిపోయేది కాదు.

ఇప్పుడు మీ బాధ గురించి. రోజుకో సూది చొప్పున మూడేళ్లలో మీ ఒక్క ఇంటి నుంచే వెయ్యికి పైగా సూదులు వెళ్లాయి. మీ వీధిలో షుగరు ఉన్న ఇళ్లు ఇంకెన్ని ఉన్నాయో ఒక్కసారి లెక్కపెట్టండి. మీరు కాగితంలో చుట్టినా చుట్టారు, చాలామంది అదీ చేయరు. తిలా పాపం తలా పిడికెడు అంటారే, ఇందులో మీ పిడికెడు ఉంది, కాదనను. కానీ ఆ సూదిని మీరు ఎక్కడ వేసి ఉండాల్సింది? ఊరంతా వెతికినా మీకు ఒక చోటు దొరికేది కాదు. నా బాధ అక్కడే. మీ ఉత్తరాన్ని ఈ వారం ఎంచుకున్నది కూడా అందుకే.

ముందు ఇంట్లో పని ముగిద్దాం. బట్టల సబ్బు లిక్విడ్ వచ్చే మందపాటి ప్లాస్టిక్ సీసా ఖాళీది తీసుకోండి. నీళ్ల సీసా పనికిరాదు, సూది దాన్ని పొడుచుకుని బయటికి వస్తుంది. సూది వాడగానే మూత తిరిగి పెట్టే ప్రయత్నం చేయకుండా సీసాలో వదిలేయండి. ఇళ్లలో చాలాసార్లు వేలికి గుచ్చుకునేది ఆ మూత పెట్టేటప్పుడే. ముప్పావు వంతు నిండాక మూత బిగించి టేపు చుట్టండి. పైన పెద్ద అక్షరాలతో "వాడిన సూదులు, తెరవకండి" అని తెలుగులో రాయండి. దాన్ని బండికి ఇవ్వకండి. మామగారికి వైద్యం చేస్తున్న ఆసుపత్రినో, రక్తపరీక్షలు చేయించే ల్యాబ్‌నో అడగండి. వాళ్ల సూదుల కోసం బయోమెడికల్ వ్యర్థాల బండి ఎలాగూ వస్తుంది. మీ సీసా కూడా అందులో వేయమనండి. ఒకరు కాదంటే ఇంకొకరిని అడగండి. ఇది శాశ్వత పరిష్కారం కాదు, దారి దొరికేదాకా ఆసరా.

ఇక మీ అసలు ప్రశ్న.

2021 అక్టోబర్ 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైనప్పుడు మన రాష్ట్రంలో పట్టణాల్లోని ఇళ్లకు మూడేసి డబ్బాలు ఇచ్చారు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలంది పొడి చెత్తకు, ఎర్రది ప్రమాదకరమైన చెత్తకు. ఇప్పుడు ఎవరింటికైనా వెళ్లి ఆ ఎర్ర డబ్బా ఏదని అడగండి. ఒక ఇంట్లో ఉల్లిగడ్డలు ఉంటాయి, ఇంకో ఇంట్లో బట్టల క్లిప్పులు. ఆ ఇళ్లవాళ్లను నేను తప్పుపట్టను. విడిగా వేసిన చెత్త బండిలో మళ్లీ కలిసిపోవడం నాలుగు రోజులు కళ్లారా చూశాక ఐదో రోజు ఎవరు వేరు చేస్తారు? డబ్బా ఇచ్చారు, డబ్బా తర్వాత చోటు ఇవ్వలేదు. మీరు వార్డు సచివాలయంలో అడిగినా, కమిషనర్ గారిని అడిగినా, కలెక్టరేట్‌లో అడిగినా అడగాల్సింది ఒక్కటే: "ఇది ఇక్కడి నుంచి ఎక్కడికి పోతుంది?" బండిలోకి అంటే, బండి నుంచి ఎక్కడికి? యార్డుకు అంటే, యార్డులో ఏ గదికి? ఆ గది నుంచి ఎవరు తీసుకుపోతారు? జవాబు ఆగిపోయిన చోటే మనకు విధానం కావాలి.

ఇలా అడగడం మీ హక్కు. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో ఇంటి ప్రమాదకర చెత్త అంటే ఏమిటో పేర్లతో సహా రాశారు. పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, సీఎఫ్ఎల్ బల్బులు, ట్యూబ్‌లైట్లు, గడువు తీరిన మందులు, పగిలిన పాదరసం థర్మామీటర్లు, వాడిన బ్యాటరీలు, వాడిన సూదులు, సిరంజీలు. దీన్ని తీసుకోవడానికి ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం పెట్టాలని, అది తెరిచే వేళలు ప్రజలకు తెలియజేయాలని స్థానిక సంస్థలకు చెప్పారు. మన కార్పొరేషన్ విస్తీర్ణం ఎంతో తెలుసుకుని 20తో భాగించండి, ఆ నియమాల ప్రకారం ఇప్పటికే ఎన్ని కేంద్రాలు ఉండాల్సిందో వస్తుంది. అర్జీలో ఆ అంకె రాయండి. కార్మికులకు చేతి తొడుగులు, బూట్లు, మాస్కులు అందేలా చూడాలని కూడా ఆ నియమాల్లోనే ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి. చెత్తను ఇప్పుడు నాలుగుగా వేరు చేయాలి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనది. పెయింటు డబ్బాలు, బల్బులు, థర్మామీటర్లు, మందులు నాలుగో రకంలోకి వస్తాయి. వాటిని అనుమతి ఉన్న ఏజెన్సీలు తీసుకుపోవాలి, లేదంటే నిర్ణయించిన కేంద్రాల్లో మనం అప్పగించాలి. అంటే చట్టం మీ వైపే ఉంది. లేనిదల్లా మీ వీధి చివర ఒక బల్ల, ఒక పెట్టె, ఒక మనిషి.

కాలనీ సంఘంలో అన్న మాట ఉందే, "ఇంటి చెత్తకు ఇంత రభసా" అని, దానికి జవాబుగా నేను చూసిన ఒక దృశ్యం చెబుతాను. నాలుగేళ్ల కింద హంద్రీ ఒడ్డున ఒక గుజరీ అంగడి ముందు ఆటో కోసం నిలబడ్డాను. పద్దెనిమిదేళ్లుంటాయేమో, ఒక కుర్రాడు డ్రమ్ము అంచుకు ట్యూబ్‌లైట్లు కొడుతున్నాడు. గాజు డ్రమ్ములోకి, రెండు కొసలకు ఉండే అల్యూమినియం టోపీలు పక్కన గోనెసంచిలోకి. టోపీలకే డబ్బులు. ఒక్కో ట్యూబు పగిలినప్పుడు టప్పుమని చప్పుడు, సన్నటి తెల్లపొడి. అతని మోచేతుల మీద, కనురెప్పల మీద ముగ్గు చల్లినట్టు ఆ పొడే. "మూతికి గుడ్డ కట్టుకో నాయనా" అంటే, "సున్నమే కదక్కా" అన్నాడు. అది సున్నం కాదు. ట్యూబు లోపల పూసే ఫాస్ఫర్ పొడి, దాంతోపాటు పాదరసం. ఒక్కో బల్బులో పాదరసం కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది. మన ఇంట్లో ఒకటి పగిలితే కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపి, పావుగంట ఆగి, చీపురు వాడకుండా గట్టి అట్టతో ఎత్తి మూత ఉన్న సీసాలో వేస్తే సరిపోతుంది. ఆ కుర్రాడు పూటకు వందలు పగలగొడతాడు. సాయంత్రానికి ఆ డ్రమ్ము గట్టు మీద ఖాళీ అవుతుంది. కింద హంద్రీ, కాస్త దూరంలో తుంగభద్ర. ఇప్పుడు అందరి ఇళ్లలో ఎల్ఈడీలు వస్తున్నాయి, వాటిలో పాదరసం ఉండదు, మంచిదే. కానీ అందుకే, ఇన్నేళ్లుగా గోడలకు వెలిగిన పాత ట్యూబులన్నీ ఇప్పుడే బయటికి వస్తున్నాయి. పదేళ్ల తర్వాత పెట్టే కేంద్రం వాటికి పనికిరాదు. తొందరపడమని నేను చెప్పేది ఇందుకే.

"జనం మారరు" అనేవాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. ఇన్వర్టర్ బ్యాటరీ రోడ్డు మీద పడి ఉండగా ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు. కొత్తది కొనేటప్పుడు అంగడివాళ్లు పాతది తీసుకుని బిల్లులో తగ్గిస్తారు. సీసం బ్యాటరీలను అమ్మినవాళ్లే వెనక్కి తీసుకోవాలని 2001లోనే నియమాలు వచ్చాయి, పైగా సీసానికి ధర ఉంది. జనం మారడానికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, దారి చూపించారు, అంతే. టీవీ రిమోటులో వేసే సెల్లుకు, ఉబ్బిపోయిన ఫోన్ బ్యాటరీకి ఆ దారి లేదు కాబట్టి అవి చెత్తలోకి పోతున్నాయి. 2022 బ్యాటరీ నియమాలు వీటిని కూడా కలిపి, తయారు చేసిన కంపెనీలదే బాధ్యత అన్నాయి. ఆ బాధ్యత కాగితం మీద నుంచి మన ఊరి అంగడి దాకా రావాలంటే ఎవరో అడగాలి. ఉబ్బిన లిథియం బ్యాటరీ చెత్తబండిలో నలిగితే నిప్పు అంటుకుంటుంది. గుండీలాంటి చిన్న సెల్లు పిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతులో కాలిన పుండు పడగలదు. క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మరి ఏం అడగాలి? నా సలహా, పెద్దది అడగకండి. "నగరంలో సమగ్ర వ్యర్థాల విధానం కావాలి" అని రాస్తే మీ అర్జీ ఫైలులో పడి ఉంటుంది. ఒక చోటు, ఒక రోజు, ఒక పెట్టె అడగండి. రోజు ఎలాగూ ఉంది. 2025 జనవరి 18న కడప జిల్లా మైదుకూరులో స్వర్ణాంధ్ర–స్వచ్ఛాంధ్ర పరిశుభ్రత కార్యక్రమం మొదలైంది, ప్రతి నెలా మూడో శనివారం జరపాలన్నారు. ఆ శనివారాన్నే ఎర్ర డబ్బా రోజు చేయమనండి. చోటు వార్డు సచివాలయం. అక్కడ శానిటేషన్, ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ అని ఒక ఉద్యోగి ఉంటారు, ఇది వారి పని పరిధిలోదే. అర్జీ ఇలా రాసుకోవచ్చు, మీ మాటల్లో మార్చుకోండి:

"మా వార్డు సచివాలయం దగ్గర ప్రతి నెలా మూడో శనివారం పొద్దున 7 నుంచి 11 గంటల వరకు ఇళ్లలోని వాడిన సూదులు, గడువు తీరిన మందులు, బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, పెయింటు డబ్బాలు తీసుకోవాలి. సూదులకు గుచ్చుకోని పెట్టె, ట్యూబులకు నిలువు పెట్టె, బ్యాటరీలకు పొడిగా ఉండే డబ్బా పెట్టాలి. ఏ నెలలో ఎంత వచ్చింది, ఎక్కడికి పంపారు అన్నది సచివాలయం బోర్డు మీద రాయాలి. చెత్తబండిలో వీటికి తాళం ఉన్న అర ఒకటి పెట్టాలి. మా వార్డు కార్మికులందరికీ సూది దిగని చేతి తొడుగులు, హెపటైటిస్ బి టీకా ఇప్పించాలి. మా వార్డులో ఆరు నెలలు చేసి చూసి, తర్వాత నగరమంతా అమలు చేయాలి."

ఇందులో కోట్లు ఖర్చయ్యేది ఏదీ లేదు. కొత్త రుసుము మాత్రం ఎవరూ ఎత్తకుండా చూడండి. చెత్త పన్ను మీద ఎంత వ్యతిరేకత వచ్చి అది ఎత్తేయాల్సి వచ్చిందో అందరికీ గుర్తుంది. ఆ మాట వినపడితే మీ అర్జీ వైపు ఎవరూ రారు.

"బోర్డు మీద రాయాలి" అన్న వాక్యాన్ని మాత్రం ఎవరు చెప్పినా తీసేయకండి. లెక్క రాస్తేనే సరుకు ఎక్కడికో ఒక చోటికి పోవాలి. ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రం విశాఖ దగ్గర పరవాడలో ఉంది. ఇక్కడి నుంచి నెలకో సంచి అంత దూరం పంపడం కుదరదని అధికారులు అనవచ్చు, అది నిజమే. అందుకే ఊళ్లో భద్రంగా దాచే గది ఒకటి కావాలి, కొంత పోగయ్యాక పంపాలి. నంద్యాల, ఆదోని, అనంతపురం, కడప కలిసి ఒక బండి మాట్లాడుకోవచ్చు. ఇది నా సొంత ఆలోచన, అర్జీలో పెట్టాలా వద్దా మీ ఇష్టం.

మందుల విషయంలో మెడికల్ అంగడివాళ్లను కూడా కలుపుకోండి. కేరళలో ఔషధ నియంత్రణ శాఖ 2025లో కోళికోడ్‌లో ఎన్‌ప్రౌడ్ అని ఒక పథకం మొదలుపెట్టింది, ఇళ్లలో మిగిలిపోయిన మందులను వెనక్కి తీసుకుని శాస్త్రీయంగా కాల్పిస్తారు. ఇండోర్‌లో ఇంటింటికీ వచ్చే బండిలోనే ప్రమాదకర చెత్తకు విడిగా అర ఉంటుంది. "ఎక్కడా జరగని పని అడుగుతున్నారు" అని ఎవరైనా అంటే ఈ రెండు ఊళ్ల పేర్లు చెప్పండి. అంతవరకు మిగిలిన మాత్రలు, సిరప్పులు మోరీలో పోయకండి. మన మోరీలు చివరికి కలిసేది ఏటిలోనే. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి కొన్ని బలమైన నొప్పి మందులకు మాత్రం వేరే సూచనలున్నాయి, ఇంట్లో అవి మిగిలితే రాసిచ్చిన డాక్టరునే అడగండి.

మీ మామగారిది పల్లె అయితే, అక్కడి పురుగుమందు డబ్బాల గురించి కూడా ఒక మాట చెప్పమనండి. పత్తి చేలల్లో వాడేసిన డబ్బాను కడిగి నీళ్లకో, నూనెకో పెట్టుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఎంత కడిగినా మందు వాసన పోయినట్టే ఉంటుంది, మందు పోదు. డబ్బాను ఎవరూ మళ్లీ వాడకుండా పగలగొట్టి, ఊరికి దూరంగా పూడ్చాలని పురుగుమందుల నియమాలు 1971 నుంచీ చెబుతున్నాయి.

ఎవరికివ్వాలి అన్నారు. మొదట వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. నకలు కార్పొరేషన్ ఆరోగ్య విభాగానికి, కమిషనర్‌కు పంపండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. అక్కడ నంబరు ఇస్తారు, ఆ నంబరుకు జవాబు రాయక తప్పదు. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం కూడా కర్నూల్లోనే ఉంది, వాళ్లకూ ఒక నకలు పెట్టండి. ఇవన్నీ చేస్తూనే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు ఒకటి వేయండి. నగరంలో ప్రమాదకర గృహ వ్యర్థాలు తీసుకునే కేంద్రాలు ఎన్ని, ఎక్కడ, పోయిన ఏడాది ఎన్ని కిలోలు వచ్చాయి, ఎక్కడికి పంపారు అని నాలుగు ప్రశ్నలు చాలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. "కేంద్రాలు లేవు" అని జవాబు వస్తే నిరాశపడకండి, మీ చేతికి దొరికే బలమైన కాగితం అదే.

ఒక్కదాన్ని అన్నారు. సంఘంలో మళ్లీ మాట్లాడకండి. మీ వీధిలో ఇన్సులిన్ వేసుకునే ఇళ్లకు వెళ్లండి, ఇంటింటికీ ఒక సీసా, మీరు రాసినట్టే ఒక చీటీ ఇవ్వండి. వాళ్లు నవ్వరు, ఎందుకంటే ఆ సూదులు ఎక్కడ వేయాలో వాళ్లకూ తెలియదు. అర్జీ మీద మొదటి సంతకాలు వాళ్లవి ఉండాలి. నిండిన సీసాలు ఒక పది అయ్యాక సచివాలయానికి తీసుకెళ్లి బల్ల మీద వరుసగా పెట్టి అర్జీ ఇవ్వండి. పది సీసాల సూదులు కళ్లముందు ఉంటే "ఇంటి చెత్తే కదా" అనడం ఎవరికైనా కష్టం.

ఆ కార్మికురాలిని కూడా మీతో రమ్మని అడగండి. రాలేనంటే బలవంతం చేయకండి. కాంట్రాక్టు ఉద్యోగం, ఆమె భయం ఆమెది. కానీ తొడుగులు ఎలాంటివి కావాలో మాత్రం ఆమెనే అడిగి అర్జీలో రాయండి. పల్చటి రబ్బరువి చెమటకు ఊడిపోతాయని, గంటకే చిరుగుతాయని, తోలువైతే తడి చెత్తలో పట్టు దొరకదని ఆమెకు తెలిసినట్టు మనకు తెలియదు.